గాలికి కొట్టుకొచ్చినట్టు

1951 జూన్ 4, సోమవారం

మాగాయ ముక్కలకు ఇవాళ మూడో ఎండ. ముక్క బాగా వడిలింది. పెరట్లో పనసకాయ వాసన కొడుతోంది. రేపో ఎల్లుండో కోయించాలి.

మధ్యాహ్నం పడవ ముసలయ్య మా లంకతోట నుంచి కొబ్బరికాయలు తెచ్చి దింపి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఒక సంగతి చెప్పాడు. అవతలి ఒడ్డున మా చెల్లెలు రత్నమాల వాళ్ళు పొలం అమ్మేశారట. నైజాం వైపు, బోధన్ దగ్గర, కాలువ కింద భూములు కొనుక్కున్నారట. ఆషాఢం రాకుండానే బయలుదేరి వెళ్ళిపోతారట.

“తమరికి కబురు రాలేదాండి?” అన్నాడు.

“రాకేం? ఎప్పుడో వచ్చింది,” అన్నాను. రాలేదు.

నాకేం. ఎవరి బతుకుదెరువు వాళ్ళది. బోధన్ ఎక్కడుందో కూడా నాకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. రాత్రి అన్నం పెడుతూ ఆయన్ని అడిగితే, నర్సాపురంలో రైలెక్కితే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుందన్నారు. ఊరికే అడిగాను.

మాగాయలో ఉప్పు రెండుసార్లు వేశానేమోనని అనుమానంగా ఉంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మాగాయ పెడుతున్నాను. అలాంటి పొరపాటు నా చేత జరగదు.

జూన్ 5

జరిగింది.

జూన్ 7, గురువారం

ఇది నా కోసం నేను రాసుకునే పుస్తకం కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. తప్పు రత్నమాలదే.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి పెళ్ళిలో భోజనాల ఏర్పాటు నాది. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో వారం ముందే ఆలోచించి పెట్టుకున్నాను. మొదటి బంతికి వియ్యాలవారు, దూరపు చుట్టాలు, ఊరి పెద్దలు. రెండో బంతికి మనవాళ్ళు. మనవాళ్ళంటే ఆకలికి ఓర్చుకునేవాళ్ళు, పులుసు చాలకపోతే పచ్చడితో సరిపెట్టుకుని బయట చెప్పనివాళ్ళు. రత్నమాలనీ, వాళ్ళాయన భాస్కరరావుగారినీ, ఆయన తండ్రినీ రెండో బంతిలో వేశాను. అంతకంటే దగ్గరతనం ఎవరైనా ఎలా చూపిస్తారు?

“మా మామగారిని మిగిలినవాళ్ళతో కలిపి తోశావు కదూ,” అని, మెతుకు ముట్టకుండా ఆయన్ని వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరుగెత్తాను. బతిమాలడానికే పరుగెత్తాను. తీరా రేవులో నా నోట్లోంచి వచ్చింది వేరు. “ఈ రేవు పడవ ఎక్కి నీ ఒడ్డుకు వస్తే ఒట్టు!” అన్నాను. పడవ నిండా జనం. నాలుగు మేకలు కూడా ఉన్నాయి. అన్నీ నా వైపే చూశాయి.

అయితే ఆ ఒట్టు రేవు పడవ గురించి. మా సొంత పడవ గురించి నేనేమీ అనలేదు. ఈ సంగతి ఇవాళ కందిపప్పు బాగుచేస్తుంటే తోచింది.

ఏటి మధ్యలో లంక, ఆ లంకలో మా తోట ఉంది. నేను అక్కడ కాలు పెట్టి చాలా కాలమైంది. ఇంటి ఇల్లాలు తోట చూసుకుని రావడం తప్పు కాదు. ఏటి మీద గాలి ఎటు వీస్తుందో ఎవరు చెప్పగలరు? ఖర్మం చాలక పడవ గాలికి కొట్టుకుపోయి రత్నమాల వాళ్ళ రేవుకు తగిలిందే అనుకుందాం. నేనేం చేయగలను? దిగకుండా నీళ్ళలో కూర్చోలేను కదా.

శనివారం లంకకు వెళ్దామని ఆయనతో చెప్పాను. ఆయన నా ముఖం కాసేపు చూసి, “సరే కనకం,” అన్నారు. మా ఆయనలో మంచి గుణం ఇదే, ఎందుకని అడగరు.

జూన్ 9, శనివారం

ఈ పడవను ఇన్నేళ్ళూ ఒడ్డున నిలబడే చూశాను. ఎక్కి చూస్తే అంత గొప్ప సంగతులేమీ లేవు. మధ్యలో నిలువుగా ఒక కొయ్య. ఆ కొయ్యకు ఏటవాలుగా వేలాడే ఒక పొడుగాటి వెదురు. ఆ వెదురుకు కట్టిన తెరచాప. తెరచాప కింది మూల నుంచి వచ్చే తాడు ముసలయ్య చేతిలో. వెనక చుక్కాని మా ఆయన చేతిలో. తాడు వదిలితే తెరచాప దండెం మీది పంచెలా టపటప కొట్టుకుంటుంది. బిగిస్తే గాలి నింపుకుని ఉబ్బుతుంది. తాడు కంపు కొడుతోంది. కళ్ళాపి నీళ్ళతోనైనా కడగని తాడు.

లంక దాకా ముసలయ్య గెడకర్ర వేసి నెట్టాడు. తోట చుట్టూ తిరిగి, చెట్లు చెట్లలాగే ఉన్నాయని నిర్ధారణ చేసుకున్నాక, “ఇంకాస్త ముందుకు పోయి చూద్దాం,” అన్నాను.

“ముందుకంటే అవతలి పాయేనండి. అక్కడ గెడ అందదండి, లోతు.”

“తెరచాప ఉంది కదా.”

“ఆయ్,” అన్నాడు ముసలయ్య. ఆ ‘ఆయ్’ నాకు అప్పుడే నచ్చలేదు.

తెరచాప ఎత్తారు. ఉబ్బింది. పడవ ముక్కు చక్కగా రాజోలు వైపు తిరిగింది. నేను గొడుగు సర్దుకుని కూర్చున్నాను. కాసేపటికి లంక మా వెనక ఉండవలసింది కాస్తా మా ముందుకు వచ్చింది. ఇంకాసేపటికి బాగా దూరంగా వెళ్ళిపోయింది. పడవ ముక్కు రాజోలు వైపు, నడక అమలాపురం వైపు. పీతలాగా పక్కకు పక్కకు జరుగుతూ, బయలుదేరిన ఒడ్డుకే, దిగువన చాకిరేవుకు వచ్చి తగిలాం.

అబ్బులు దుప్పటి పిండుతున్నవాడల్లా ఆగి, “ఏమండీ అమ్మగారూ, ఉతికే బట్టలు తమరే తెచ్చేరా?” అన్నాడు.

“లేదురా, నువ్వు సరిగ్గా ఉతుకుతున్నావో లేదో చూద్దామని,” అన్నాను. ఇంతకంటే మంచి జవాబు ఇప్పటికీ తోచలేదు.

దారిలో ఆయన చెప్పారు. ఈ రోజుల్లో వీచేది పడమటి గాలి. అవతలి ఒడ్డు నుంచి మన ఒడ్డుకు వీస్తుంది. లంక నుంచి కాయలు తెరచాపతో వస్తాయి, గాలి వెనక ఉంటుంది కనుక. అటు వెళ్ళడానికి గెడే. లోతు పాయలో తెడ్లు వేసి ఈ బరువు పడవను గాలికి ఎదురు లాగాలంటే నలుగురు మనుషులు కావాలి. నలుగురు మనుషులంటే ఊరంతా తెలిసినట్టే.

కాబట్టి తేలిందేమిటంటే, ఈ గాలికి కొట్టుకుపోదలచుకుంటే చాకిరేవుకు కొట్టుకుపోవచ్చు. రత్నమాల రేవుకు పొరపాటున చేరాలంటే మాత్రం ఎంతో నేర్పు కావాలి.

జూన్ 10, ఆదివారం

అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. కళ్ళు మసకలు, చెవులు మాత్రం ఏటికి అవతల ఏం జరిగినా వింటాయి. ఆవిడ పుట్టింటివారు నర్సాపురం రేవులో పడవలు నడిపించినవాళ్ళు. మా పడవ కూడా అక్కడి నుంచి వచ్చిందే.

పొద్దున్న నేను డాబా మీద గుమ్మడి వడియాలు తిరగేస్తుంటే, మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టారు.

“చాకిరేవుకి వెళ్ళొచ్చేరటగా.”

“గాలి ఎదురండి అత్తయ్యగారూ.”

“ఎదురైతే? మా నాన్నగారు గాలి తిరిగేదాకా ఒడ్డున కూర్చుని చుట్ట కాల్చుకునేవారనుకున్నావా? పలక వేశారా, లేదా?”

“ఏం పలకండి?”

“పక్కపలక. మన పడవ అడుగు పళ్ళెంలాగా చదును. పట్టు ఉండదు, గాలి ఎటు తోస్తే అటు జారిపోతుంది. అందుకని గాలి రాని పక్కన నీళ్ళలోకి ఒక పలక దింపుతారు. నిలువెత్తు టేకు పలక. పై చివర తాడు దూర్చడానికి చిల్లు ఉంటుంది. పశువులపాకలో చేరేసి ఉండేది.”

నేను వడియం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నిరుడు పాక శుభ్రం చేయించినప్పుడు దొరికింది ఆ పలక. ఎంత నున్నగా ఉందో! ఎవరికీ అక్కరలేకుండా పడి ఉందని జాలిపడి, కుంకుడుకాయ నీళ్ళతో తోమించి, ఆముదం రాయించి, కోళ్ళకు అందకుండా నాలుగు పొట్టి కాళ్ళు మేకులతో కొట్టించాను. చిల్లులోంచి చీమలు వస్తున్నాయని బిరడా కూడా వేయించాను. వడియాలకు అంత మంచి బల్ల ఈ తాలూకాలో ఎవరింట్లోనూ లేదని అందరితో చెప్పుకున్నాను.

“ఏమే, మాట్లాడవేం?” అన్నారు అత్తయ్యగారు.

“వడియాలు ఇంకా ఎండలేదండి,” అన్నాను.

ఆవిడ లేచి వచ్చి, వడియాల మధ్య ఖాళీలో పలకను చేత్తో తడిమారు. చిల్లు ఉన్నచోట వేలు ఆగింది. బిరడాను గోటితో రెండుసార్లు కొట్టారు.

“పడవకి పెళ్ళి చేసి, పెళ్ళికొడుకుని వడియాలు కాయడానికి పెట్టుకున్నావన్నమాట,” అన్నారు.

జూన్ 12, మంగళవారం

కాళ్ళు ఊడదీయించాను. బిరడా తీయించాను. ఒక మేకు మాత్రం ఎంత లాగినా రాలేదు. అదేం చేస్తుందిలే అని వదిలేశాను.

గాలికి ఎదురుగా, ఆ గాలితోనే ఎలా పోతారో నాకు ఎంతకీ అర్థం కాలేదు. నన్ను వెనక్కి తోసేవాడే నన్ను ముందుకు ఎలా తీసుకుపోతాడు? మధ్యాహ్నం పనస తొనలు ఒలుస్తుంటే అత్తయ్యగారు ఒక గింజ తీసి, దాని జిగురు తుడవకుండా, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టారు.

“నొక్కు.”

నొక్కాను. గింజ చివుక్కున ఎగిరి ఆయన చదువుతున్న పేపరు మీద పడింది.

“నువ్వు దాన్ని ముందుకి తోశావా?”

“లేదండి. పక్కల నుంచి నొక్కానంతే.”

“పడవా అంతే. ఒక పక్క తెరచాపని గాలి నొక్కుతుంది, రెండో పక్క పలకని నీళ్ళు నొక్కుతాయి. మధ్యలో ఇరుక్కున్నది ముందుకి జారుతుంది. కానీ గాలిని ముఖాన తీసుకోకూడదు. చెంపన తీసుకోవాలి. కాసేపు ఈ చెంప, తిప్పుకుని కాసేపు ఆ చెంప. వంకర వంకరగా పోతే తిన్నగా పోయినట్టే.”

తిన్నగా పోవడానికి వంకరగా పోవడమనేది నాకు గిట్టని పని. మా ఇంట్లో చెంబులు కూడా వరస తప్పవు. అయినా ఎవరూ చూడకుండా ఇంకో నాలుగు గింజలు నొక్కి చూశాను. ఒకటి పిల్లికి తగిలింది.

సాయంత్రం అత్తయ్యగారు ఉన్నట్టుండి, “లంకకి గెడ చాలే కనకం. పలక వెతుక్కునేవాళ్ళు లంకకి పోరు,” అన్నారు. నేను పొయ్యి ఊదుకుంటూ వినబడనట్టు ఉన్నాను. పొయ్యి అప్పటికే బాగా మండుతోంది.

జూన్ 15, శుక్రవారం

తెరచాప చిరుగులు కుడదామని ఇంటికి తెప్పించాను. పరిచి చూస్తే మధ్యలో సంచిలా వదులుగా ఉంది. ఎవరో బొత్తిగా పనిరానివాడు కత్తిరించాడనుకుని, ముడతలు పట్టి, లోపలికి మడిచి కుట్టి, పొద్దుగుంకేసరికి బల్లపరుపుగా చేశాను. అత్తయ్యగారు వచ్చి తడిమి చూశారు.

“ఎంత చక్కగా కుట్టావే! దుప్పటి! ఇహ పడవ మీద కప్పుకుని పడుకోండి.”

గాలి నిలవడానికి తెరచాపకు కడుపు ఉండాలట. ఆ వదులు కావాలని కత్తిరించిందేనట.

విప్పాను. కుట్టడానికి పట్టిన దానికంటే విప్పడానికే ఎక్కువసేపు పట్టింది. కుట్టు అంత గట్టిది. ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 19, మంగళవారం, ఏరువాక పున్నమి

ఎడ్లకు పసుపు కుంకుమలు పెట్టడం అయ్యాక పడవ తీశాం. పలక నా వంతు. పడవ తిరిగినప్పుడల్లా పలకను పైకి లాగి, రెండో పక్కకు మోసి, నీళ్ళలోకి దింపి, తాడు కట్టాలి. ముసలయ్య ఆ సమయంలో వెదురును కొయ్య చుట్టూ తిప్పి తెరచాపను రెండో వైపుకు తెస్తాడు.

పలక దింపగానే పడవకు ఏదో బుద్ధి వచ్చినట్టయింది. పక్కకు జారడం మానేసింది. గాలి ఎడమ చెంపన కొడుతుంటే ఏటవాలుగా ఎగువకు పోయాం. తిప్పి, కుడి చెంపన పెట్టుకుని దిగువకు పోయాం. రెండోసారి తిప్పినప్పుడు నేను పలకను ఎటు దింపాలో తెలియక రెండు పక్కలా చూస్తూ, ఎత్తిన పలకతో నిలబడిపోయాను. ముసలయ్య “అటండి, అటండి!” అని అరిచాడు. వాడి రెండు చేతుల్లోనూ తాళ్ళు. చూపించడానికి గడ్డం ఒక్కటే ఖాళీ. అయినా దగ్గర పడ్డాం. నిజంగానే దగ్గర పడ్డాం. రేవు మెట్లు కనిపించాయి. మెట్ల మీద ఇత్తడి బిందె తోముతున్న మనిషి కనిపించింది.

చేతిని అంత గుండ్రంగా తిప్పి బిందె తోమేది మా అమ్మా, నేనూ, రత్నమాలా. మా అమ్మ లేదు. నేను పడవలో ఉన్నాను.

నేను గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని, “తిప్పండి,” అన్నాను.

“ఏమిటి?” అన్నారు ఆయన.

“పొయ్యి మీద పాలు మరిచిపోయాను. తిప్పండి ఇంటికి!”

తిప్పారు. గాలి వెనక్కి వచ్చింది. పది పూటల కష్టం ఒక గుక్కలో అయిపోయింది.

పాలు దింపే వచ్చాను. ఆ సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

జూన్ 22

గాలి పడమర. పనసకాయలు అయిపోయాయి.

జూన్ 23

గాలి పడమర.

జూన్ 25, సోమవారం

ఆదివారం బయలుదేరుతున్నారట. శుక్రవారం ఊరివాళ్ళందరికీ భోజనాలు పెడుతున్నారట. ముసలయ్యే చెప్పాడు. ఎగువన వానలు పడుతున్నాయట. వారంలో వరద ఎర్రనీరు దిగుతుందని కూడా చెప్పాడు. ఎర్రనీరు వచ్చాక మా పడవను ఒడ్డు మీదికి లాగేయడమే. మళ్ళీ కార్తీకమే.

నాకు పిలుపు లేదు. పిలుపు లేని భోజనానికి వెళ్ళేంత గతి లేనిదాన్ని కాను. ఆ రోజే లంకతోటలో పని ఉంది కాబట్టి వెళ్ళక తప్పదు.

“ఏం పని?” అన్నారు అత్తయ్యగారు.

“చెట్లు చూడాలండి.”

“మొన్న చూశావుగా. పారిపోతున్నాయా?” అని, “శుక్రవారం నేనూ వస్తాను. నీకు కుడి చెంపేదో ఎడమ చెంపేదో చెప్పేవాళ్ళు కావాలి,” అన్నారు.

జూన్ 29, శుక్రవారం

నిదానంగా రాస్తాను. చేతులు నొప్పిగా ఉన్నాయి.

పొద్దున్నే పడవలో ఉప్పెక్కువైన మాగాయ జాడీ పెట్టించాను. ఆయన అదేమిటన్నట్టు చూశారు. గాలికి పడవ ఒరగకుండా అడుగున బరువు ఉండాలని అత్తయ్యగారు చెప్పారు కదా, అందుకని అన్నాను. ఇసుక మూటలు వేస్తారు గానీ మాగాయ ఎవరు వేస్తారని ముసలయ్య అడగబోయాడు. అత్తయ్యగారు వాడి వైపు చూశారు. “ఆయ్,” అని ఊరుకున్నాడు.

అత్తయ్యగారు పడవ మధ్యలో పీట వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకునే ఉన్నారు. గాలి ఎటు ఉందో చెంపలకే తెలుస్తుందట. “బిగించు,” “కాస్త వదులు,” “అమ్మిరాజూ, చుక్కాని అంత తిప్పకు, పడవకి చిరాకేస్తుంది,” అంటూ కొడుకునీ ముసలయ్యనీ ఆడించారు. లంక దాటాం. నీళ్ళకు అప్పుడే పలచగా ఎర్రరంగు పడింది. గాలి మొన్నటికంటే గట్టిగా ఉంది.

ఈసారి తిప్పినప్పుడల్లా పలకను సరైన పక్కకే దింపాను. ఒక్కసారి కూడా తడబడలేదు. నాలో నేనే మెచ్చుకుంటూ ఉండగా, ఆఖరి తిప్పు అయ్యాక, టప్పుమని తాడు తెగింది. నేను వదిలేసిన మేకు ఉంది కదా, అదేం చేస్తుందిలే అనుకున్నది. తాడును పొద్దుటి నుంచీ కోస్తూ కూర్చుంది.

పలక నీళ్ళలోకి జారిపోబోయింది. నేను ముందుకు పడి రెండు చేతులతో పట్టుకున్నాను. పడవ అప్పుడే పక్కకు జారడం మొదలుపెట్టింది. రేవు మెట్లు కళ్ళ ముందే జరిగిపోతున్నాయి.

“కనకం, వదిలెయ్! చేతులు నలుగుతాయి! వెనక్కి పోదాం,” అన్నారు ఆయన.

“వదలను.”

“లంకకే కదా, ఇంకోసారి రావచ్చు!”

“లంకకు కాదండీ!” అని అరిచాను. “మా రత్నం దగ్గరికి! పోనీండి ముందుకు!”

ఆయన చుక్కాని సర్దుకుని, “ఆ సంగతి మాకు తెలియదనుకున్నావా?” అన్నారు మెల్లిగా. ముసలయ్య కూడా “ఆయ్” అన్నాడు. వాడికీ తెలుసన్నమాట. చాకిరేవు అబ్బులుకు కూడా తెలిసే ఉంటుంది.

పలకను పడవ అంచుకు అదిమిపెట్టి, చంకల దాకా తడుస్తూ అలాగే పడుకున్నాను. నీళ్ళు అవతల నుంచి తోస్తుంటే గింజను నొక్కిన వేలు నేనేనని అర్థమైంది. పడవ ముందుకే పోయింది. మెట్లకు తగిలింది.

రత్నమాల మెట్ల మీదే ఉంది. జరీ చీర మీద మసిగుడ్డ చుట్టుకుని, చేతిలో గరిటెతో నిలబడి ఉంది. వంట మధ్యలోంచి వచ్చినట్టుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చీర పిండితే చిన్న గంగాళం నిండేలా ఉంది.

ఏం చెప్పాలో ఇరవై రోజులుగా అనుకున్నదే కాబట్టి తడుముకోకుండా చెప్పాను.

“లంకతోటకు బయలుదేరాం. గాలికి కొట్టుకొచ్చాం.”

రత్నమాల తల తిప్పి గాలి వైపు చూసింది. గాలి దాని వీపు వెనక నుంచి వచ్చి నా ముఖాన కొడుతోంది. దాని కొంగు నా వైపుకే ఎగురుతోంది.

“ఈ గాలికా, అక్కా?”

“ఆఁ.”

“ఈ గాలికి కొట్టుకుపోతే మీ చాకిరేవుకి పోతారు గానీ, ఇక్కడికి ఎలా వస్తారు?”

అత్తయ్యగారు పీట మీంచి, “అక్కడికి కూడా పోయొచ్చిందిలే అమ్మా, ముందర,” అన్నారు.

ముసలయ్య అదే సమయం చూసుకుని జాడీ దింపాడు. రత్నమాల మూత గుడ్డ విప్పి, వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, ముఖం చిట్లించింది.

“ఉప్పు రెండుసార్లు వేశావా?”

“దూరం పోతున్నారు కదే, నిలవ ఉండాలని కాస్త ముందుకే వేశాను,” అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను.

“గాలే మాగాయ కూడా పెట్టించిందన్నమాట,” అంది. నవ్విందనుకున్నాను. ముఖం పక్కకు తిప్పుకుంది కనుక ఖాయంగా చెప్పలేను.

“పున్నమి నాడు వచ్చి ఎందుకు వెళ్ళిపోయావు?” అంది, అటే చూస్తూ.

“నేనా?”

“గొడుగు అంచుకి అంత వరసగా మాసిక వేసుకునేది ఇంకెవరు? ఆ రోజు నుంచీ పూటపూటా వచ్చి నిలబడుతున్నాను. నాకు గాలి అనుకూలమే. పడవ లేదు. రేవు పడవ ఎక్కి నేనే ముందు వస్తే నలుగురూ నవ్వుతారని...” అని ఆగి, “నలుగురూ ఎందుకు, ఆ మేకలు చాలు,” అంది.

మేకల్ని అది కూడా మరిచిపోలేదు.

ఇంటి ముందు పందిరి. మొదటి బంతికి అప్పుడే ఆకులు వేస్తున్నారు. భాస్కరరావుగారు ఎదురొచ్చి, అత్తయ్యగారికి దండం పెట్టి, మా ఆయన చెయ్యి పట్టుకుని, “రండి అన్నయ్యగారూ, వదినగారూ, ఆకుల ముందు కూర్చోండి,” అన్నారు. నేను తడిచీర మార్చుకుని వచ్చేసరికి అత్తయ్యగారూ ఆయనా కూర్చున్నారు. నా కోసం ఒక ఆకు ఖాళీగా ఉంది. నేను కూర్చోబోతుంటే రత్నమాల వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది. ఆ ఆకు మీద ఊరి మునసబుగారిని కూర్చోబెట్టింది.

“నువ్వు నాతోపాటు రెండో బంతి,” అంది. “పులుసు చాలేట్టు లేదు. మాగాయతో సరిపెట్టుకుందాం.”

పప్పు గిన్నె నా చేతికి ఇచ్చింది.

నలిగిన చేతులతో ఆ పందిరంతా వడ్డించాను. మొదటి బంతివాళ్ళు అడిగి అడిగి తిన్నారు. లేచి, తాంబూలాలు వేసుకుని, నైజాం కాలువ నీళ్ళ గురించి మాట్లాడుకుని, ఎప్పటికో కదిలారు. అప్పటికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఎంత దగ్గరివాళ్ళకైనా రెండో బంతి దాకా ఇంత ఆకలి వేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

రత్నమాల మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కూడా మొదటి బంతిలో కూర్చోలేదు. “మీతోపాటే తింటానమ్మా, అలవాటైంది,” అన్నారు. నేను ఆయనకు మొదటి ముద్దలోకి నెయ్యి రెండుసార్లు వేశాను. ఉప్పులాగా కాదు, తెలిసే వేశాను.

రత్నమాల, నేను, వాళ్ళ మామగారు, వంటింటి గోడకు చేరగిలబడి తిన్నాం. పులుసు నిజంగానే చాలలేదు.

తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక ఉంది. పలక అక్కరలేదు, పైకి తీసి దాని మీదే కూర్చున్నాను. ఒకసారి వెనక్కి చూశాను. తర్వాత చూడలేదు. అత్తయ్యగారు గొడుగు నా వైపుకు వంచి పట్టుకున్నారు. ఎండ లేదు.

జూలై 2, సోమవారం

నిన్న పొద్దున్న బయలుదేరి ఉంటారు. ఈపాటికి రైల్లో ఉంటారు. జాడీ బండిలో ఒరగకుండా చుట్టూ గడ్డి కుక్కమని చెప్పాను. కుక్కారో లేదో.

ఎర్రనీరు దిగింది. పడవ ఒడ్డు మీదికి లాగించారు. తెరచాప నేనే ఆరబెట్టి, కడుపు కడుపుగానే ఉంచి మడతపెట్టాను. పలకకు మేకు ఊడదీయించి, కొత్త తాడు దూర్చి, పశువులపాకలో చేరేయించాను. వడియాలకు వేరే బల్ల చేయిస్తానన్నారు ఆయన. తొందరేం లేదన్నాను.

మధ్యాహ్నం అత్తయ్యగారికి కాళ్ళు పడుతూ అడిగాను.

“బోధన్ ఏ దిక్కండి?”

“వాయవ్యం.”

“అయితే ఈ గాలికి ఇంచుమించు ఎదురే.”

“ఎదురే.”

“చెంపన తీసుకోవాలన్నమాట.”

“రైలుకి చెంపలుండవే పిచ్చిదానా. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడమే.”

దానికేం గానీ, నైజాం వైపు కొబ్బరికి మంచి గిరాకీ ఉంటుందని ఎవరో అన్నట్టు గుర్తు. స్వయంగా వెళ్ళి చూడందే ఏదీ తెలియదు. కార్తీకం దాటాక ఒకసారి వెళ్ళి కనుక్కుని రావాలి. ఇంటి ఇల్లాలు ఇలాంటివి చూసుకుని రావడం తప్పు కాదు.